మాలూరులో వేసిన టైరు

శనివారం పొద్దున నాగరత్న గొంతు వీధి మలుపుదాకా వినిపిస్తోందంటే ఆ ఇంట్లో అందరూ క్షేమమని అర్థం. పొయ్యి మీద ఉప్పిట్టు అడుగంటుతున్నా ఆమెకు పట్టలేదు. పెరట్లో గంగ, రెండేళ్లుగా ముట్టుకోని బండి మీద నుంచి నీలం పట్టా లాగేస్తోంది.

“ఏమయ్యా, చూస్తా ఉండావా? ఫ్యాక్టరీకి రెండు దినాలు రజా వస్తే తలకి నూనె పెట్టుకొని సుమ్మనే ఉండకుండా ఆ దెయ్యాన్ని మళ్లీ బయటికి తీస్తా ఉండాది నీ కూతురు!”

మునేష్ కాఫీ గ్లాసుతో పెరటి గడప మీదే ఆగిపోయాడు. పాత బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో అతన్ని ఎరగని బండివాడు లేడు. ఇంటి ముందుగదిలోనే టైర్ల అంగడి. ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేసిన ఆ చేతులతోనే కూతురికి పదేళ్లప్పుడు మోటోక్రాస్ నేర్పాడు. గుంతల్లోనూ దిబ్బల మీదా బండిని ఎగిరించే ఆట ఆడపిల్లకెందుకని ఊరు నవ్వింది, పెళ్లాం తిట్టింది. అతను వినలేదు.

“అప్పా,” అంది గంగ పట్టా మడత పెడుతూ. “రేపు సైనైడ్ దిబ్బ కాడ రేసు పెట్టినారు. పేరు ఇచ్చేసినాను. వెనక ఏ టైరు వేద్దాం?”

ఆ ప్రశ్న కోసం మునేష్ రెండేళ్లు ఎదురుచూశాడు. చిన్నప్పుడు గంగ అంగట్లో గొంతుక్కూర్చుని ‘ఈ మట్టికి ఏది, ఆ మట్టికి ఏది’ అని ప్రాణం తీసేది. మాలూరు రేసులో పడి భుజం దగ్గర ఎముక విరిగిన రోజు నుంచి ఆ ప్రశ్నలు ఆగిపోయాయి. ఇప్పుడు వేమగల్ ఫ్యాక్టరీకి పోతుంది, వస్తుంది, అన్నం తింటుంది, ఫోను చూస్తూ పడుకుంటుంది. బాగున్నావా అంటే బాగున్నానప్పా అంటుంది. రోడ్డు మీద ఏ బండి గట్టిగా మోగినా మునేష్ తల ఎత్తేవాడు. ఆ మోత మధ్యలో తన కూతురి నవ్వు ఉండేది ఒకప్పుడు.

“పోయి నేల చూసొద్దాం పా,” అన్నాడు. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు.

“ఒక్కసారే అప్పా,” అంది గంగ. “మాలూరు మాదిరి రేపు కూడా నా చేతులు తడబడితే బండి అమ్మేద్దాం. తప్పు నాలోనే ఉండాదని తెలిసిపోతాది. ఇంగ ఆశ పెట్టుకోను.”

మునేష్ ఆమె చేతుల వైపు చూశాడు. చెప్పులు వేసుకున్నాడు.

బంగారం తీసేశాక గనులవాళ్లు పారబోసిన పిండి దిబ్బ అది. దాని దగ్గర రిబ్బన్లు కట్టి దారి గీసేశారు. ముందటి రోజు వాన పడింది. దిబ్బ మీది బూడిదరంగు పిండి పైన గట్టిగా పెచ్చు కట్టి మెరుస్తోంది. కింద మలుపుల్లో మాత్రం ఎర్రమట్టి, రోలర్ తోలినట్టు బిగుసుకుని ఉంది. మునేష్ వంగి పెచ్చు మీద మడమతో తన్నాడు. కాలు చీలమండ దాకా దిగింది.

“చూసినావా? బెంగళూరోళ్లు పైన చూసి గట్టినేల అనుకొంటారు. రెండు బండ్లు పోతే చాలు, లోపల పిండే.”

“అయితే పొడుగు బటన్ల టైరా?”

“పిండికీ బంకమట్టికీ అదే. టైరు మీది రబ్బరు బటన్లు పొడుగ్గా, దూరం దూరంగా ఉండాల. బురద మధ్యలో ఇరుక్కోకుండా రాలిపోతాది. కానీ ఆ టైరుతో ఎర్రమట్టి మలుపులు తిప్పితే బటన్లు వంగిపోయి బండి ఊగతాది. గట్టినేలకి పొట్టి బటన్లు, దగ్గర దగ్గరగా. నేలని ఎక్కువ చోట పట్టుకోవాల కదా.”

“ఇక్కడ రెండూ ఉండాయే!”

“అందుకే నడిమి రకం. రెండింటికీ పూర్తిగా సరిపోదు, రెండింట్లోనూ మోసం చెయ్యదు. గాలి పన్నెండు పౌండ్లు. ముందర టైరు దారి చూపిస్తాదమ్మా, తోసేదంతా వెనకదే.”

గంగ వింటూ దిబ్బ ఎక్కింది, అతను వెనకే ఎక్కాడు. మధ్యలో జారి కూర్చున్నాడు, ఆమె పకపకా నవ్వి చెయ్యి అందించింది. ఆ నవ్వు విని మునేష్ ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. ఇదే కదా ఇన్నాళ్లూ కావాలనుకున్నది. ఇంకేమీ మాట్లాడకుండా ఇంటికి పోతే బాగుండు అనుకున్నాడు.

“అప్పా, ఒకటి చెప్పాల,” అంది గంగ పైన నిలబడి. “మాలూరులో నువ్వు గట్టినేల టైరు వేసినావు. వాన పడింది, బురదగా ఉండాది అని నేనంటే, పది గంటలకల్లా ఆరిపోతాది అన్నావు. తర్వాత అందరూ టైరు తప్పన్నారు. నేను ఒప్పుకోలేదు. మా అప్ప మట్టి చూసి చెప్తే తప్పయ్యేది లేదు, తప్పు నా చేతులదే అని చెప్పినాను. నువ్వు బేజారు చేసుకొంటావేమోనని ఇన్నాళ్లూ ఈ మాట ఎత్తలేదు.”

మునేష్ దిబ్బ దిగడం మొదలుపెట్టాడు. కూతురు తనను వెనకేసుకొచ్చిన కొద్దీ అతనికి అడుగు ముందుకు పడలేదు.

ఇంటికొచ్చాక నడిమి రకం టైరు కిందికి దించి పెట్టాడు. నాగరత్న రాగిముద్ద గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “ఊటకి రండి ఇద్దరూ. టైరు తింటారా ఏమన్నా?”

“గంగా,” అన్నాడు మునేష్. “మాలూరులో ఆ టైరు తెలిసే వేసినాను.”

“ఏం తెలిసి?”

“పదికల్లా ఆరదని. అది ఇటుకల బట్టీల కాడి బంకమట్టి, రెండు దినాలైనా ఆరదు. నువ్వు గెలిస్తే కోయంబత్తూరు టీమోళ్లు ఏడాది పాటు ఊరూరా రేసులకి తీసకపోతామన్నారు కదా. ఆ టైరుతో నువ్వు వెనకబడతావు, వాళ్లు వద్దంటారు, ఇంటికొచ్చేస్తావు అనుకొన్నాను. పడతావనుకోలేదమ్మా. జారతా ఉంటే నిదానంగా పోతావనుకొన్నాను.”

గంగ ఆ టైరును కాలితో తోసేసింది.

“నిదానంగా పోతానా? నేనా? పుట్టినకాడ నుంచి చూస్తా ఉండావే! జారతా ఉంటే నేను ఎప్పుడన్నా తగ్గించినానా?”

మునేష్ దొర్లిన టైరును పట్టుకుని గోడకి ఆనించాడు.

“రెండేళ్లప్పా! ఫ్యాక్టరీలో స్క్రూ బిగించేటప్పుడు కూడా ఈ చేతుల్నే చూసుకొన్నాను. వీటితోనే కదా అంతా పోగొట్టుకొన్నాను అని. నాకు వద్దని చెప్పడానికి నీకు నోరు లేదా? నా బండి కింద దొంగపని చేస్తావా?”

“దినమూ వద్దు వద్దు అని అరిచి నేను పాపిష్టిదాన్ని అయినాను,” అంది నాగరత్న, గిన్నె కింద పెట్టి. “ఏమీ అనకుండా నువ్వు మంచోడివి అయినావు. మెడ విరిగింటే ఏం చేసేవాడివయ్యా?”

గంగ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో ముద్ద అలాగే చల్లారింది.

నాగరత్న శ్రీనివాసపురం మామిడితోటల మనిషి. నోట్లో మాట దాచుకోవడం ఆమెకు రాదు. మునేష్ ఇంటి రీతి వేరు. తాతల నాడు ఆంధ్రా పల్లెల నుంచి వచ్చి గనుల కూలీల ఇళ్ల లైన్లలో చేరిన కుటుంబం. షిఫ్టుకి బయల్దేరే మనిషిని ‘పోవద్దు’ అనకూడదు, ‘భయంగా ఉంది’ అనకూడదు, అంటే కీడును పిలిచినట్టేనని ఆ ఇంట్లో కట్టడి. మునేష్ పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాయన నరసింహప్ప గనికి బయల్దేరుతుంటే అమ్మ ఏమీ అనకుండా సద్ది కట్టిచ్చింది. లోపల రాయి కూలి ఆయన తిరిగి రాలేదు. పిచ్చిది, చచ్చేదాకా ఆ ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో అనుకుంటూనే ఉంది. అయినా కొడుక్కి మాత్రం అదే నేర్పింది. మాలూరులో మునేష్ నోరు పెగలక, చేతిలో ఉన్న టైరుతో ఆ మాట చెప్పబోయాడు.

ఆదివారం తెల్లారేసరికి ముందుగదిలో ఇనుప కమ్మీల చప్పుడు. గంగ ఒక్కతే చక్రం కాళ్ల మధ్య పెట్టుకుని టైరు ఎక్కిస్తోంది. నడిమి రకం కాదు. పొడుగు బటన్లది.

మునేష్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, పొమ్మనీ అనలేదు.

“నిన్న సాయంత్రం ఒక్కదాన్నే మళ్లీ పోయి చూసినాను,” అంది తల ఎత్తకుండా. “అక్కడ ప్రాక్టీసు చేసినోళ్లు పెచ్చంతా తవ్వేసినారు. ఎక్కేకాడ చక్రం దిగబడితే ఇంగ రేసే లేదు. మలుపుల్లో ఊగితే ఊగనీ, అక్కడ చూసుకొంటాను.”

మునేష్ ఆ బటన్ల కేసి చూశాడు. “అదే సరి. నేను నిన్న పొద్దుటి నేల చూసి చెప్పినాను.”

“నిజంగానా? ఇది కూడా తెలిసే అంటా ఉండావా?”

ఆ మాట సూటిగా తగిలింది. తగలాల్సిందే అనుకున్నాడు. “మీ అమ్మ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టు యాల? నీ మీద నువ్వే వేసుకో!” వంటింట్లోంచి కేక వినిపించింది.

గంగ పెదవి చివర కదిలీ కదలనట్టు కదిలింది. “ఆ పక్క పట్టుకో,” అంది.

మునేష్ కూర్చుని చక్రం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఎక్కించారు. గాలి అతనే కొట్టాడు, పన్నెండు అన్నాడు. గంగ మీటరు తీసుకుని తనే మళ్లీ చూసుకుంది. అతనికి చివుక్కుమంది.

దిబ్బ దగ్గర జనం బాగానే చేరారు. ఇరవై బండ్లు వరసగా నిలబడ్డాయి, అందులో ఆడపిల్ల గంగ ఒక్కతే. నాగరత్న రానంటూనే వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాడు దగ్గర నిలబడింది. మునేష్ వంగి చెయిను ఇంకోసారి చూసి, లేచి వెనక్కి తిరిగాడు. అతను తిరుగుతుంటే గంగ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

“భయమేస్తా ఉండాదా అప్పా?”

అమ్మ పెట్టిన కట్టడి గుర్తొచ్చింది. అయినా మునేష్ అన్నాడు. “వేస్తా ఉండాది. చానా.”

“ఈ మాట మాలూరులో అనింటే నేను ఆ దినం బండి ఎక్కుండేదాన్ని కాదు.” గంగ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “అమ్మ దినమూ అంటాది, అది నాకు అలవాటైపోయింది. నువ్వు ఎప్పుడూ ఏదీ అడగలేదు కదప్పా. ఒక్కసారి అడిగింటే ఆగిపోయి ఉండేదాన్ని.”

మునేష్‌కి నేల కనబడలేదు. రెండేళ్లు, విరిగిన ఎముక, ఫ్యాక్టరీ బస్సులో కిటికీకి తల ఆనించి వచ్చే ఆ పిల్ల ముఖం, అన్నిటికీ ఒక్క మాట సరిపోయేదన్నమాట. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

“ఇప్పుడడిగితే ఆగుతావా తల్లీ?”

గంగ బండి మీద రెండు చేతులూ పెట్టి, అతని ముఖంలోకి చూసింది. “ఆగుతాను. అడుగు.”

పక్క బండ్లన్నీ ఒక్కసారిగా మోగడం మొదలైంది. అడిగితే కూతురు ఇంట్లో ఉంటుంది. బస్సులో పోతుంది, వస్తుంది, బాగున్నానప్పా అంటుంది. మునేష్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని ఆమె హెల్మెట్ కింది పట్టీ బిగించాడు.

“భయంగానే ఉండాది,” అన్నాడు. “అయినా అడగను. పోయి రా.”

జెండా పడింది. పొడుగు బటన్లు పిండిని వెనక్కి చిమ్మాయి, గంగ ఆ ధూళిలో దిబ్బకేసి దూసుకుపోయింది. “మెల్లిగా పోవే!” అని నాగరత్న గొంతు చించుకుని అరిచింది. ఆమె పక్కనే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మునేష్ కూడా అరిచాడు.

“భద్రం తల్లీ! భద్రం!”