పాతరలో లేని గంప

బసప్ప జొన్నలు దాచే నేల పాతరలో శవం దొరికింది.

శవం గిడ్డయ్యది. కోసిగి దగ్గర పల్లెలో నాలుగెకరాల మెట్ట రైతు. యుద్ధం రోజులు, పైన కరువు. ఊళ్లో గింజలున్నది ఒక్క బసప్ప దగ్గరే.

ఇన్‌స్పెక్టర్ సేతుమాధవరావు ఆదోని నుంచి వచ్చేసరికి శవాన్ని కొక్కేలతో పైకి లాగారు. తల పగిలి ఉంది. కాపలావాడు యేసేపును గుంజకు కట్టేశారు.

"వీడే కొట్టి తోసినాడు సామీ!" అన్నాడు బసప్ప. "నిన్ననే ఇద్దరూ కొట్లాడినారు."

"ఎందుకు?"

"గిడ్డయ్య గింజలడగనీకె వచ్చినాడు. వీడు తరిమినాడు."

"నువ్వు తరమమంటేనే గదప్పా!" యేసేపు భోరుమన్నాడు. "రాత్రి జరమొచ్చి పండుకున్నాను దొరా. నాకేం తెలీదు."

కేసు కోర్టుకెక్కితే వాడికి ఉరే. లేనివాడి మాట వినేదెవరు!

సేతుమాధవరావు పాతరలోకి దీపం దించాడు. సగంలోనే ఆరిపోయింది.

"లోపల గంప దొరికిందా?"

"లేదు సామీ."

ఆయన తల ఊపాడు. ముందు యేసేపు గుడిసె చూశాడు. తర్వాత గిడ్డయ్య ఇంటికి నడిచాడు. భార్య ఉచ్చీరమ్మ గోడకు చేరగిలబడి ఉంది.

"నీ మొగుడు పాతరకు పోయింది తెలుసా?"

"తెలీదు."

"ఎవరితో పోయినాడు?"

"తెలీదు సామీ."

మూలన ముగ్గురు పిల్లలు నిద్రపోతున్నారు. నడిపొద్దు. ఊళ్లో ప్రతి గడపలోనూ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. వీళ్లు మాత్రం ఆదమరిచి పడుకున్నారు. ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చాడు.

అందరినీ పాతర దగ్గరికి పిలిపించాడు.

"ఇది హత్య కాదు," అన్నాడు. "పాతర బండ తీస్తే పూటంతా గాలికి వదలాలి. లేకుంటే లోపలి ఆవిరికి మనిషి నిలవడు. గిడ్డయ్యకూ తెలుసు. తెల్లారితే దొరికిపోతానని ఆగలేదు. దెబ్బ పడ్డప్పుడు తగిలిందే."

"మరి యేసేపు?" బసప్ప వదల్లేదు.

"లోపల ఒకడు గంప నింపితే, పైన ఒకరు తాడు లాగాలి. గంప పైకొచ్చింది, పోయింది. యేసేపు ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. నీ ఇల్లు కాక, ఈ ఊళ్లో ఇవాళ కడుపునిండా తిన్న పిల్లలు ఒక్క ఇంట్లోనే ఉన్నారు."



ఉచ్చీరమ్మ ముందుకొచ్చింది. "వాని కట్లిప్పండి సామీ. తాడు లాగింది నేనే."

కానిస్టేబుల్ యేసేపు కట్లు విప్పాడు.

"మొగుడు పడిపోతే ఎందుకు అరవలేదమ్మా?"

"మొదటి గంప పైకొచ్చినాది. మళ్లా తాడు దించితే ఆయప్ప పట్టుకోలేదు. పిలిస్తే పలకలేదు. అరిస్తే జనమొస్తారు, గంప లాక్కుంటారు. బిడ్డలు మన్ను తింటాండారు సామీ! ఇంత సంగటి చేసి పెట్టి, ఆ పైన అరుద్దామనుకుంటి. తిరిగొచ్చేతలికి జనం చేరినారు. నోరు పెగల్లేదు."

అక్కడే కూలబడింది. "అప్పుడే అరిచింటే బతికేవాడా? నిజం సెప్పండి సామీ."

సేతుమాధవరావు శవం వైపు చూశాడు. గోళ్లనిండా పాతర గోడ మట్టి. ఎంతసేపు గీరాడో, పాపం!

వంగి ఆ చేతుల మీదికి దుప్పటి లాగాడు.

"లేదమ్మా," అన్నాడు. "నువ్వు మళ్లీ తాడు దించేసరికే ప్రాణం పోయింది."