తాబేలు చూసే దిక్కు

పాలక్యాన్లతో వస్తున్న ఆటోకు అడ్డంగా ఒక అమ్మాయి నిలబడింది. చేతిలో చేపముల్లులాంటి ఏరియల్, చెవులకు హెడ్‌ఫోన్లు, నెత్తిన తుంపర.

కుళ్లాయప్ప గట్టిగా బ్రేకు తొక్కాడు. ముదిగుబ్బ దగ్గరి తన ఊరి నుంచి కదిరికి రోజూ పాలు మోసే దారి అది. నాలుగు వరుసల కొత్త రోడ్డు. కన్ను మూసి తెరిచేలోగా లారీ మీదికొచ్చే రోడ్డు.

“సచ్చిపోతారు మేడం,” అన్నాడు.

“నీ ఇంజను మోతకు నాకేం వినపడల్యా. ఆపప్పా,” అందామె.

తొలి పలకరింపు అదే. ఏరియల్ చూసి, ఆమె సెల్‌టవరు కంపెనీ మనిషి అనుకున్నాడు. తమ ఊరికి టవరు ఎప్పుడు పెడతారని నిలదీశాడు. పెడతాంలే అని తప్పించుకుంది. పేరు ప్రశాంతి అనీ, తనదీ కదిరేననీ మాత్రం చెప్పింది.

ఆనాటి నుంచి చినుకు పడిన ప్రతి ఉదయమూ ఆమె ఆ మలుపులో ఉండేది. ఆటో ఆ మలుపులో మెల్లబడేది. టవరు ఎంత పొడుగు లేచిందని అతను దెప్పేవాడు. పాలలో నీళ్లెన్ని కలిశాయని ఆమె ఎత్తిపొడిచేది. పాలు ఆలస్యంగా చేరుతున్నాయని డెయిరీవాళ్లు ఫోను చేస్తే, కుళ్లాయప్ప తల్లి తిరుపాలమ్మ కొడుకును వదిలి ఆటోకు దిష్టి తీసింది.

ఒక ఉదయం ప్రశాంతి పరుగున ఎదురొచ్చింది. ముఖం వానకు విచ్చిన వేరుశనగ పువ్వులా ఉంది.

“నీకొక నిజం చెప్తా. యారికీ చెప్పగూడదు. నేను టవరు మనిషిని కాను.”

ఆమె వెతుకుతున్నది ఒక నక్షత్ర తాబేలును. వాటిని పట్టి అమ్ముకునే దొంగలుంటారని ఇన్నాళ్లూ దాచిందట. డొప్పకు చిన్న యంత్రం అతికించి, అది ఎటు పోతున్నదో ఏరియల్‌తో వింటున్నది. గుట్ట ఒకవైపు, నీటి చెలమ మరొకవైపు. నడుమ కత్తిలా ఈ రోడ్డు. జీవాలు దాటేందుకు రోడ్డు కింద వెడల్పైన దారి కట్టాలా, వాననీరు పోయే పాత మోరీ చాలునా అని అధికారులు అడిగారు. తాబేలు మీది యంత్రం ఒకనాడు ఇవతల, ఒకనాడు అవతల పలుకుతూనే ఉంది. మోరీలో దూరి దాటుతున్నదన్నమాట. మోరీ చాలునని రేపు అనంతపురంలో చెప్పబోతున్నది. ఆమె తొలి పరిశోధన అది.

సంబరంగా ఫోనులో బొమ్మ చూపించింది.

కుళ్లాయప్ప ఫోను దగ్గరికి తీసుకుని చూశాడు. డొప్ప అంచున విరిగిన పెచ్చు. వెనక, మట్టి ఉండ అని తాను అనుకున్న యంత్రం. ఆ తాబేలు తనకు తెలుసు. రోడ్డంచు సిమెంటు గోడకు తల కొట్టుకుంటుంటే, రెండు చేతులా ఎత్తి అవతలి గోడ దాటించింది తానే. తిరుగు ప్రయాణంలో అది ఇటు తిరిగి ఉంటే, మళ్లీ ఇవతలికి మోసిందీ తానే.

చెబితే ఆమె కష్టమంతా నీళ్లపాలు. ఈ నవ్వు ఇక తనకు దక్కదు. చెప్పకపోతే దారి కట్టరు. తాను రాని ఒకనాడు ఆ తాబేలు ఏ లారీ కిందో నలుగుతుంది.

“మోరీ కాదు మేడం,” అన్నాడు. “నేను.”

ఆమెకు అర్థం కాలేదు. అతను తలవంచుకుని మొత్తం చెప్పాడు. ప్రశాంతి చేతిలోంచి ఏరియల్ జారింది. ఆటో అంచు మీద కూలబడింది. లారీ ఒకటి ఇద్దరి మీదా బురద చిమ్మి పోయింది. 

“ఒక్కమాటన్నా చెప్పకపోతివే.”

“టవరోళ్లకు తాబేలు సంగతి యాలనుకుంటి.”

ఆమె పెదవి వణికింది. అది ఏడుపో నవ్వో అతనికి తెలియలేదు.

“సరే. ఒకపక్కే వదిలేయొచ్చు గదా. రెండు పక్కలా ఎందుకు మోసినావు?”

“అది ఏ దిక్కు మొగం పెట్టింటే ఆ దిక్కుకే దింపినా. యాడికి పోవల్లో దానికి తెలుసు. మళ్లించేకి నేనెవర్ని?”



ప్రశాంతి లేచింది. తాబేలుకు రెండువైపులూ కావాలి, మనిషి చెయ్యి లేనిదే దాటలేకపోతున్నది. కాబట్టి దారి కట్టి తీరాలి అని రేపు చెబుతానంది. ముందు చీవాట్లు పడతాయి, పడనీ అంది. కుళ్లాయప్ప క్షమాపణ చెప్పబోయాడు.

“తాబేలు మొగం బాగానే చూసినావు,” అందామె అడ్డుపడి. “ఆ గుట్ట మీద నిలబడితే దాని శబ్దం ఇంకా బాగ వినపడతాది. ఐనా రోజూ ఈ మలుపులోకే వచ్చినా. నా మొగం ఏ దిక్కుండాదో ఒక్కనాడన్నా చూసినావా?”

 కుళ్లాయప్ప కింద పడిన ఏరియల్ తీసి, తువ్వాలుతో తుడిచి, తలకిందులుగా అందించాడు. ఆమె దాన్ని సరిచేసుకుని ఆటోలో క్యాన్ల పక్కన సర్దుకుంది.

“రేపు నాకు సాక్షి నువ్వే. అంతకుముందు మీయమ్మను చూడల్ల.”

“పాలు విరిగిపోతాయి మేడం.”

“ప్రశాంతి.”

ఆటో కదిరి దిక్కుకు నిలిచి ఉంది. ఆమె చూపు అతని ఊరి వైపుంది.  కుళ్లాయప్ప ముందున్న డివైడరు సందులో ఆటోను వెనక్కి తిప్పాడు.