తోడుచేపలు

2094 నాటికి విశాఖపట్నంలో పువ్వుల మీద వాలే తేనెటీగలూ, బాల్కనీల్లో కిచకిచలాడే పిచ్చుకలూ అన్నీ మరబొమ్మలే. దోమలను మాత్రం ఎవరూ తయారు చేయనక్కరలేకపోయింది. నిజమైన ప్రాణులు మిగిలిన కొద్ది చోట్లలో డాక్టర్ మందాకిని ప్రయోగశాల ఒకటి. అక్కడి గాజుతొట్టిలో డికాషన్ రంగు నీళ్ళు, అందులో జీలకర్ర గింజంత చేపలు.

సుమత్రా దీవిలో, కుళ్ళిన ఆకులు యుగాల తరబడి పేరుకున్న పీట్ చిత్తడినేలల్లో పుట్టిన జాతి అది. ఆ పుల్లటి నల్లనీళ్ళలో తప్ప బతకదు. ఒళ్ళు ఎంత పలచనంటే లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. అక్కడి అడవి తగలబడ్డాక మిగిలిన గుంపు ఈ తొట్టిలోదే. గుంపు తగ్గితే ఈ చేపలు తిండి మానేస్తాయి. అందుకే మందాకిని తోడుచేపను కనిపెట్టింది. జెల్లీ ఒళ్ళు, కంటికానని మోటారు, ఉత్తుత్తి గుండె. ఒక చేప చనిపోగానే, తొట్టిని చూసుకునే 'కాపరి' యంత్రం ఒక తోడుచేపను వదిలేది. మిగిలినవి దాన్ని నమ్మి మేత తినేవి.

భర్త పోయినప్పటి నుంచి మందాకినికి ఇంట్లో ముద్ద దిగేది కాదు. మధ్యాహ్నం క్యారేజీ తొట్టి దగ్గరే విప్పి, చేపలకు ఆ కబురూ ఈ కబురూ చెబుతూ తినేది. లేస్తూ గుంపు బాగుందా అని కాపరిని అడిగేది. బాగుందనేది కాపరి.

సుమత్రాలో ఆమె భర్త స్నేహితుడు భుజంగరావు, కాలిన చిత్తడిలో మొక్కలు నాటుతూనే ముసలివాడయ్యాడు. ఎట్టకేలకు అక్కడి నీళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి. ఇక చేపలు సొంతచోటికి వెళ్ళడమే తరువాయి. నిజమైనవాటిని వేరు చేసి ప్రయాణపు పెట్టెలోకి ఎక్కించమని మందాకిని కాపరికి చెప్పింది. కాపరి ఒక్క చేపనూ కదపలేదు.

"నిజమైనవి లేవమ్మా. చివరిది కిందటి వానాకాలంలో పోయింది. చుట్టూ ఇన్ని తోడుచేపలున్నా మేత ముట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గుంపు తగ్గితే బతికున్నది తిండి మానేస్తుందని మీరే నేర్పారు. ఈ గదిలో బతికున్నది ఇక మీరొక్కరే."

మందాకిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ చేప పస్తున్నన్నాళ్ళూ తను ఈ స్టూలు మీదే కూర్చుని కడుపునిండా తింది. చేప పసిగట్టిన మోసాన్ని తను పసిగట్టలేకపోయింది.

అంతలో భుజంగరావు తెర మీదికి వచ్చాడు. పొగకు పాడైన ఊపిరితిత్తులు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నాలుగు రోజులుగా ఆయన ఏమీ తినడం లేదని వెనక నర్సు ఫిర్యాదు చేస్తోంది.

"నీళ్ళు సిద్ధం అమ్మాయ్. వాటిని చూడకుండా పోతానేమోనని దిగులుగా ఉంది. గుంపు బాగుందా?"

మందాకిని కళ్ళు తుడుచుకుంది.

"బాగుంది అన్నయ్యగారూ. అన్నీ వస్తున్నాయి."

"అయితే ఇవాళ రెండు ముద్దలు తింటాను," అన్నాడాయన.

తెర ఆరిపోయాక, తోడుచేపలన్నిటినీ పెట్టెలోకి ఎక్కించమని కాపరికి చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పలేదు.