రెండు గుక్కలు, ఒక్క స్టారు

ఆరున్నరకు కోడలు కండక్టరు యూనిఫాం వేసుకుని, టికెట్ల సంచి బల్లమీదే వదిలి, అత్తగారి మంచం పక్కకు వచ్చి నిలబడింది. రోజూ జరిగేదే. ఒక చెయ్యి చంక కిందికి, ఇంకో చెయ్యి నడుం వెనక్కి.

"రెడీనా అత్తయ్యా? ఒకటి, రెండు, మూడు... రైట్ రైట్!"

పెద్దావిడ లేచింది. లేచింది అనడం అబద్ధం; లేపితే లేచింది. మంచం నుంచి బాత్రూముకు పదకొండు అడుగులు, అక్కణ్ణించి కిటికీ పక్క కుర్చీకి పద్నాలుగు. నలభై ఏళ్ళు కాళ్ళ మిషను తొక్కి తొక్కి రెండు మోకాళ్ళూ అరగదీసుకున్న దర్జీ ఆవిడ. కొలతలు ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కుర్చీలో కుదురుకున్నాక కోడలు గ్లాసు నిండా నీళ్ళు అందించింది. ఆవిడ రెండు గుక్కలు తాగి గ్లాసు కిటికీ గట్టుమీద పెట్టింది. మళ్ళీ లేపే మనిషి మధ్యాహ్నానికి గానీ రాడు. పన్నెండింటికల్లా వస్తానంటాడు కొడుకు, వచ్చేసరికి మూడు దాటుతుంది. రెండు గుక్కలైతే మూడింటిదాకా ఆగుతుంది. మూడో గుక్క తాగితే ఆగదు. ఎనిమిది నెలలుగా ఆవిడ ఈ లెక్క తప్పలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ రోజు సాయంత్రం లైబ్రరీ హాల్లో సభ. కొడుకు జిమ్ములో కోచ్. వీధి వీధంతా అతన్ని కోచ్ అనే పిలుస్తుంది. కాళ్ళు కదపలేనివాళ్ళు ఒళ్ళు తగ్గడం ఎలాగో పుస్తకం రాశాడు. పేరు 'కూర్చునే కరిగించండి'. అట్టమీద ఎడమపక్క లావుగా ఉన్న అమ్మ, కుడిపక్క తగ్గిన అమ్మ, కింద ఎర్ర అక్షరాలు: 'మా అమ్మ కుర్చీలోంచి కదలకుండా పద్నాలుగు కిలోలు తగ్గింది. మీరూ తగ్గుతారు.' రెండు నెలల్లో కాపీలన్నీ అయిపోయాయి. ఇవాళ సభలో రెండో ముద్రణ గురించి చెబుతారు. అమ్మ మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కాగితంమీద రాసి కూడా ఇచ్చాడు. ఆ కాగితం నాలుగు మడతలతో ఆవిడ కళ్ళజోడు పెట్టెలో ఉంది. ఒక్కసారి చదివింది. రెండోసారి చదవబుద్ధి కాలేదు.

"ఎవడో ఒక్క స్టారు కొట్టాడు!"

కోచ్ ఫోను పట్టుకుని గదిలోంచి ఊడిపడ్డాడు. ఒంటిమీద తువ్వాలు, సగం గడ్డం మీద నురగ.

"ఒక్కటన్నా ఇచ్చాడుగా," అంది కోడలు. "మా బస్సెక్కేవాళ్ళు అదీ ఇవ్వరు. తిట్టి దిగిపోతారు."

"నవ్వకు! నిన్న పొద్దున నిండా ఐదు. ఇవాళ నాలుగు పాయింటు ఎనిమిది. పబ్లిషరు సాయంత్రం ఆ నంబరు తెరమీద పెద్దగా వేస్తానన్నాడు. ఏం రాశాడో విను." గొంతు సవరించుకుని చదివాడు. "'ఒంటికి టేపు పెట్టకుండా కుట్టిన చొక్కా ఈ పుస్తకం. పందొమ్మిదో పేజీదాకా చేతులతో చేసేవి బాగున్నాయి. ఆ తర్వాత రాసినవాడు తన కాళ్ళు చూసుకుని రాసుకున్నాడు. నలభై రెండో పేజీ బొమ్మలో కుర్చీకి చేతులే లేవు. కాళ్ళు పనిచెయ్యనివాళ్ళు అందులో కూర్చుని అది చేస్తే కింద పడతారు. పద్నాలుగు కిలోలు ఎలా తగ్గాయో అట్టమీద ఉంది గానీ లోపల ఎక్కడా లేదు.' చూశావా పొగరు?"

కోడలి నవ్వు ఆగిపోయింది. టేపు పెట్టకుండా కుట్టిన చొక్కా. ఆ మాట ఆమె ఈ ఇంట్లో వందసార్లు విన్నది. రుచి కుదరని కూరకూ అదే మాట, పొసగని పెళ్ళిళ్ళకూ అదే మాట. మెల్లగా తల తిప్పి అత్తగారి వైపు చూసింది. అత్తగారు కిటికీ బయట పావురాలను చూస్తోంది.

"వెనక వీధి జిమ్మువాడే," అంటున్నాడు కోచ్. "కడుపుమంట. ఇరవైమంది ఐదేసి ఇస్తే వీడొక్కడికి నచ్చలేదట!"

ఆ ఇరవైమంది ఎవరో చెప్పుకోవాలి. పదకొండుమంది జిమ్ముకొచ్చే కుర్రకారు. వాళ్ళకు కుర్చీ అంటే చొక్కా తగిలించుకునే వస్తువు. ఆరుగురు కోడలి డిపోవాళ్ళు. ఒకడు పినతల్లి కొడుకు, పుస్తకం ఇంకా అచ్చుకు పోకముందే సైటులో పేరు కనిపించగానే ఐదు నొక్కేశాడు. మిగిలిన ఇద్దరూ ఎవరో తెలియదు. వాళ్ళిద్దరిలో ఒకరిని పెద్దావిడ నాలుగు రోజులుగా మరవలేకపోతోంది.

"అమ్మా, నీ ఫోనిలా ఇవ్వు," అన్నాడు కోచ్. "ఇన్నాళ్ళూ నీతో వేయించడం మర్చేపోయాను. నీ తరఫున ఒక ఐదు కొడితే కాస్త లేస్తుంది."

"నా ఫోనెందుకురా? ఛార్జింగు లేదు."

"రాత్రి నేనే పెట్టాను కదా."

"ఏవండీ, ముందు ఆ గడ్డం కడుక్కోండి," అంది కోడలు, ఇద్దరి మధ్యకూ వస్తూ. "సగం మొహం తెల్లగా ఉంది, సర్కసువాడిలాగా."

అతను వినలేదు. తల్లి ఒళ్ళోంచి ఫోను తీసుకుని సైటు తెరిచాడు. వేలు ఐదో స్టారుమీద పెట్టాడు. తెరమీద ఒక వాక్యం వచ్చింది. 'ఈ పుస్తకానికి మీరు ఇదివరకే రేటింగ్ ఇచ్చారు. మార్చాలనుకుంటున్నారా?'

దాని కింద ఒకే ఒక్క పసుపు స్టారు.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది ఎంతకీ స్టార్టు కావడం లేదు.

"నువ్వా?" అన్నాడు కోచ్. "నువ్వా అమ్మా?"

"నేనే."

"బయటివాడైతే కడుపుమంట అనుకుంటాను. నువ్వు కన్నతల్లివి! అట్టమీద ఉన్నది నీ బొమ్మే!"

"నా బొమ్మ కాబట్టే రాశానురా. వేరేవాళ్ళ బొమ్మయితే నాకెందుకు?"

"ఏదైనా ఉంటే నాతో చెప్పొచ్చుగా? నలుగురూ చూసేచోట పరువు తీస్తావా?"

"చెప్పలేదా? అచ్చుకు ముందు ఎన్నిసార్లు పిలిచాను, ఒరేయ్ ఆ కుర్చీ బొమ్మ మార్చరా అని? 'సర్లే అమ్మా, తర్వాత' అన్నావు. నాకు నీ చెవి దొరకలేదు. ఆ సైటు దొరికింది. అక్కడ రాస్తే పొద్దున్నే నురగతో పరిగెత్తుకొచ్చి అక్షరం వదలకుండా చదివావు. చదివావా లేదా?"

కోచ్‌కు కోపం తగ్గలేదు. "అంతా తప్పేనా అయితే? ఏడాది కష్టపడి రాశాను!"

"పందొమ్మిదో పేజీదాకా బాగుందన్నానుగా. ఆ ఒక్క స్టారూ దానికే. రోజుకు రెండు పూటలు చేశాను అన్నీ. నీ ఇరవైమందిలో ఎవడు చేశాడు? ఇంకా నమ్మకం లేకపోతే ఆ భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కో. నలభై రెండో పేజీ చెయ్యి. కాళ్ళు మాత్రం నేలకు ఆనించకు. నావి ఆనినా బరువు మొయ్యవుగా."

పంతానికి పోయి లాక్కున్నాడు. చేతుల్లేని కుర్చీలో కూర్చుని, పాదాలు గాల్లోకి లేపి, పుస్తకంలో తనే రాసినట్టు నడుం పక్కకు వంచి చెయ్యి చాచాడు. తెలియకుండానే మడమ నేలకు తగిలింది.

"కాలు!" అంది కోడలు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడిమీద అరిచినట్టు.

కాలు ఎత్తాడు. మళ్ళీ వంగాడు. కుర్చీ పక్కకు ఒరిగింది. ఇరవై ఏళ్ళుగా వ్యాయామం చేసిన మనిషి, బల్ల అంచు దొరకబుచ్చుకోకపోతే దబ్బున పడేవాడే.

"నీకు బల్ల అందింది," అంది తల్లి. "లేవడానికి కాళ్ళూ ఉన్నాయి. అదే పట్టుకోవడానికి ఏమీ లేనివాళ్ళు చేస్తే? ఇలా ఇవ్వు ఫోను."

తీసుకుని, వెతికి, కళ్ళజోడు పెట్టుకుని తనే చదివింది.

"'పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. మూడు వారాలుగా ఈ పుస్తకంలో ఉన్నవన్నీ చేస్తున్నాను. రెండుసార్లు పడ్డాను. ఒక్క కిలో కూడా తగ్గలేదు. తప్పు నాదే, నాకు పట్టుదల తక్కువ. అట్టమీద అమ్మగారిని చూసి సిగ్గుపడుతున్నాను. పుస్తకం చాలా మంచిది.' ఐదు స్టార్లు." ఆవిడ కళ్ళజోడు తీసింది. "చూశావురా? పడ్డది ఆవిడ. సిగ్గుపడేదీ ఆవిడే. నీకు మాత్రం ఐదు స్టార్లు. నన్ను చూసి సిగ్గుపడుతోందట! ఇది చదివాక నాలుగు రోజుల నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

"కానీ... నువ్వు తగ్గావు కదమ్మా. అది అబద్ధం కాదుగా," అన్నాడు కోచ్. ఇప్పుడది అడగడంలా లేదు, బతిమాలడంలా ఉంది. "పద్నాలుగు కిలోలు."

పెద్దావిడ మళ్ళీ పావురాల వైపు తిరిగింది.

కోడలు కిటికీ గట్టు దగ్గరికి నడిచింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. అంచుకు రెండు వేళ్ళు తక్కువ, అంతే.

"అత్తయ్యా, నేను సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి కూడా ఈ గ్లాసు రోజూ ఇలాగే ఉంటుంది. ఎందుకు?"

"దాహం వెయ్యదు."

"ఎండాకాలంలో కూడానా? మధ్యాహ్నానికని నేను పెట్టి వెళ్ళే అన్నం డబ్బా మాత్రం కడిగినట్టు ఖాళీగా ఉంటుంది. మీరు తిన్నారనే అనుకున్నాను." బయట గోడమీద పావురాలు బరువుగా అటూ ఇటూ నడుస్తున్నాయి, పైకెగరడానికి బద్ధకంగా. కోడలు వాటిని చూసింది, డబ్బాను తలుచుకుంది. "ఇవి ఇంతలా ఎలా బలిశాయి అత్తయ్యా?"

ఎవరూ నవ్వలేదు.

"తింటే వెళ్ళాలి," అంది పెద్దావిడ చివరికి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. "తాగితే ఇంకా వెళ్ళాలి. ఎవరు తీసుకెళ్తారు? వీడు పన్నెండంటే మూడు. ఒకసారి ఆగలేక... కుర్చీలోనే అయిపోయింది. వీడొచ్చేదాకా రెండు గంటలు అందులోనే కూర్చున్నాను. వచ్చాక నీళ్ళు ఒలికాయని చెప్పాను, నమ్మాడు. అంతకు ముందు వారమే నువ్వు ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను అమ్మాయ్, నడుం రెండు ముక్కలవుతోంది, ఆవిడ మనిషి కాదు బండరాయి అని. నిజమే చెప్పావు. తేలికైతే నీ నడుమన్నా మిగులుతుందనుకున్నాను. అలా తగ్గాయిరా పద్నాలుగు కిలోలు. రెండు గుక్కల నీళ్ళు, నాలుగు ముద్దల తిండి. ఇది నీ పుస్తకంలో రాస్తావా?"

కోడలు గ్లాసు పట్టుకునే కింద కూర్చుండిపోయింది. "ఏదో నొప్పిలో అన్నానత్తయ్యా. ఆ నోరు పడిపోను..."

"నోరు పడిపోతే నీ బస్సు ఎవరు ఆపుతారు? అన్నదానికి కాదు నా బాధ. నీచేత మోయించుకునే రోజు వచ్చిందే అని."

"డాక్టరు నీ మోకాళ్ళ ఆపరేషను ఎందుకు వాయిదా వేశాడు?" అన్నాడు కోచ్. "ఆస్పత్రిలో ఖాళీ లేదన్నావు నాతో."

"నువ్వు బయట పబ్లిషరుతో ఫోన్లో ఉన్నావు. ఆపరేషనుకు బరువు సరిపోయింది గానీ రక్తమేదమ్మా అన్నాడు. కిడ్నీలు ఎండిపోతున్నాయన్నాడు. నీ పుస్తకం అమ్ముడవుతోంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అప్పుడు ఏడ్చాడు కోచ్. అందంగా ఏడవలేదు. నురగ, ముక్కు, కన్నీళ్ళు కలగలిపి, తువ్వాలులో మొహం దాచుకుని, నేలమీద తల్లి కాళ్ళ దగ్గర. ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు కొలిచి కొలిచి బతికే మనిషి. ఇంట్లో గ్లాసు ఎందుకు నిండుగా ఉందో చూడలేదు. ఇలాంటివాళ్ళు మన ఇళ్ళలో బోలెడుమంది. ఏడవడం కూడా తక్కువ శిక్షే.

తల్లి చెయ్యి అతని తలమీద పడింది. "లేవరా. లేవగలిగినవాడివి లేవకపోతే నాకు ఒళ్ళు మండుతుంది."

లేచాడు. మొహం తుడుచుకుని పబ్లిషరుకు ఫోను చేశాడు. "ముద్రణ ఆపండి... అట్ట తప్పు. పద్నాలుగు కిలోలు తప్పు. పందొమ్మిదో పేజీ తర్వాత అంతా మళ్ళీ రాయాలి." అవతల్నించి అరుపులు గది నలుమూలలా వినిపించాయి. "అవునండీ, పిచ్చే పట్టింది. సభకు వస్తాను. వచ్చి ఇదే చెబుతాను." పెట్టేశాడు.

తర్వాత ఆ పక్షవాతం ఆవిడ రాసిన దాని కింద టైపు చేశాడు. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి చదివి వినిపించాడు. "'తప్పు మీది కాదమ్మా. తప్పు పుస్తకంలో ఉంది. దయచేసి ఆపెయ్యండి. నేను మీతో మాట్లాడాలి.' సరేనా?"

"అమ్మా అన్నావు, బాగుంది," అంది తల్లి.

కోడలు డిపోకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. ఆ తర్వాత డ్యూటీ షిఫ్టు మధ్యాహ్నానికి మార్చమని కూడా అడిగింది. "పొద్దున నేనుంటా, మధ్యాహ్నం మీరు," అంది మొగుడితో. "పన్నెండంటే పన్నెండే. నిమిషం దాటితే మా బస్సులో లాగా కాలరు పట్టుకుంటా."

"సభకు నువ్వూ వస్తావా అమ్మా?"

"నిజం చెప్పేట్టయితే వస్తా." ఆవిడ కళ్ళజోడు పెట్టెలోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. "ఇదొద్దు. నా మాటలు నాకున్నాయి."

కోచ్ కాగితం ఉండచుట్టాడు. "మరి... ఆ స్టారు మారుస్తావా?"

"రెండో ముద్రణ రానీ. చదివి చెబుతా."

కోడలు గ్లాసులో ఆ నీళ్ళు పారబోసి చల్లటివి నింపి తెచ్చింది. పెద్దావిడ అందుకుంది. అలవాటుగా రెండు గుక్కలు తాగి ఆగింది. కొడుకు వైపు చూసింది. అతను కదల్లేదు; ఆ చేతుల్లేని కుర్చీలోనే ఎదురుగా కూర్చున్నాడు. మూడో గుక్క తాగింది. తర్వాత ఆగకుండా, గొంతు చప్పుడు గదిలో వినిపించేలా, అడుగంటా తాగేసింది.

"ఇంకో గ్లాసు," అంది.

అరగంటకు "ఒరేయ్" అని పిలిచింది. రెండోసారి పిలవనవసరం లేకపోయింది. ఒక చెయ్యి చంక కిందికి, ఇంకో చెయ్యి నడుం వెనక్కి వచ్చాయి. అతనికి ఆ పట్టు సరిగ్గా తెలియలేదు. కోడలు వెనకనుంచి చెయ్యి సర్దింది.

"ఒకటి, రెండు, మూడు," అన్నాడు కోచ్, ముక్కు ఎగబీలుస్తూ.

"ఆ తర్వాత రైట్ రైట్ అనాలిరా," అంది తల్లి. "లేకపోతే బండి కదలదు."