అబ్బులు డబ్బాలో ఇలకోళ్ళు

కొర్రమీనుకి ఇలకోడిని, అదే కీచురాయిని, మించిన ఎర లేదు. బతికున్నదే గుచ్చాలి. వీపు మీద పైపైన గుచ్చితే నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటుంది, ఇక చేప ఆగలేదు. కాస్త మట్టి వేసి డబ్బాలో ఉంచితే సాయంత్రమంతా కీచుమంటూనే ఉంటాయి. మనిషి అడుగు దగ్గరపడితే మాత్రం టక్కున ఆపేస్తాయి.

అబ్బులు డబ్బా చూస్తే మూణ్ణెల్లుగా నాకు ఒళ్ళు మంట. మా అన్నయ్య చిట్టియ్య ఇతనితోనే గాలానికి వెళ్ళి తిరిగి రాలేదు. నిడదవోలులో రైలెక్కాడని అబ్బులు చెప్పాడు. ఇంకెవరూ చూడలేదు. వదిన లోవలక్ష్మి ఇప్పటికీ రోజూ అన్నయ్య కంచం కడిగి పెడుతుంది. ఏదో ఒకటి తేల్చుకోవాలనే ఆ సాయంత్రం నా డబ్బా పట్టుకెళ్ళి కాలవగట్టు మీద అబ్బులు పక్కన కూర్చున్నాను.

"ఇంత బలిసిన ఇలకోళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయి అబ్బులన్నా?"

"లాకుల అవతల, గట్టు కింద తమ్ముడూ."

అక్కడిది రాయిలాంటి నేల. ఇలకోళ్ళు వదులు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి. మరి అక్కడ తవ్విందెవరు? అడగబోయాను.

అప్పుడే గట్టు చివర ఇలకోళ్ళు అరుపు ఆపేశాయి. ఎవరో వస్తున్నారనుకుని మసక చీకట్లోకి చూశాను. ఎవరూ లేరు. తాడిచెట్టు దగ్గరివి ఆపేశాయి... తర్వాత తూము దగ్గరివి... పచ్చి మట్టి వాసన. మా రెండు డబ్బాల్లోవీ ఆగిపోయాయి.

"వెనక్కి చూడకు," అబ్బులు గొణిగాడు. "రోజూ వస్తాడు... కాసేపు నా వెనక నిలబడి పోతాడు."

"ఎవరు?"

అబ్బులు చూపు గాలం మీద నుంచి తిప్పలేదు. ఇంతలో అతని డబ్బాలోవి మళ్ళీ అరుపు అందుకున్నాయి. నా డబ్బాలోవి అందుకోలేదు.

అబ్బులు మొహంలో... నవ్వు.

"ఇవ్వాళ నీ వెనక నిలబడ్డాడు తమ్ముడూ."

లేచి పరుగెత్తాను. నేను దాటిపోయాక దారిలో ఇలకోళ్ళు మళ్ళీ అరవాలి. అరవలేదు. ఇంటి దాకా ఒక్కటీ అరవలేదు...

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నా భుజం మీదుగా చూసింది. మొహం విప్పారింది. మూణ్ణెల్ల తర్వాత ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఇద్దరూ కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను," అంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"అదేంటయ్యా... మీ అన్నయ్య నోటినిండా ఆ మట్టేంటి?"