ఆకుగోడల తోటలో పిలుపు

ఆ తోటకి చెడ్డపేరుంది. రోము నగరానికి రెండు గంటల దూరంలో, కొండవాలున ఉంటుంది. పగలంతా జనమే. ఎగిరే నీళ్ళు, పాలరాతి బొమ్మలు, కుండీల్లో నిమ్మచెట్లు. పొద్దు వాలిందంటే మాత్రం తోటమాలులు కూడా కత్తెరలు సర్దుకుని బయటపడతారు. ఆ తర్వాత లోపల ఒక్కడూ ఉండడు.

కారణం ఆ తోట నడిమధ్య ఉన్న ఆకుగోడలు. మనిషిన్నర ఎత్తు పొదల్ని గోడల్లా కత్తిరించి, మలుపు మీద మలుపు పెట్టి, వెళ్ళినవాడు దారి తప్పాలనే కట్టారు. మూడొందల ఏళ్ళ కిందట తోట యజమాని సరదాకి లోపలికి వెళ్ళాడట. తిరిగి రాలేదట. భార్య వెతుక్కుంటూ వెళ్ళింది… ఆమె కూడా రాలేదు.

"ఇప్పటికీ వెతుకుతూనే ఉందంటారండీ," అన్నాడు టూరు మేనేజరు ప్రకాశరావు, బస్సులో మైకు పట్టుకుని.

"దొరక్కుండా మంచిపని చేశాడు మహానుభావుడు," అంది గుడివాడ రామలక్ష్మి వెనక సీట్లోంచి.

బస్సంతా నవ్వింది. అనసూయమ్మా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని ఇప్పటికీ చెంపలు వేసుకుంటుంది.

ఇది రెండువేల మూడు, సెప్టెంబరు నెల. నమ్మనివాళ్ళు నమ్మకపోతే మానె. అనసూయమ్మ లేనిది కల్పించి చెప్పే మనిషి కాదు.

ఆవిడా, ఆవిడ భర్త శోభనాద్రిగారూ చల్లపల్లి నుంచి వెళ్ళారు. ఆయన నీటి సంఘానికి ప్రెసిడెంటుగా చేసిన మనిషి. కాలవ చివరి చేలకి నీళ్ళందించడానికి రాత్రిళ్ళు తూముల దగ్గర కాపలా పడుకున్న మనిషి. ఇటలీ తోటల్లో అందరూ పూలు చూస్తుంటే ఆయన కాలవలు చూశారు.

"మోటారెక్కడయ్యా?" అని అడిగారు ప్రకాశరావుని.

"మోటారు లేదండీ. పైన కొండలో ఊట ఉంది. ఆ నీళ్ళు దిగే ఊపుకే ఇక్కడ పైకి లేస్తాయి."

"కరెంటు లేకుండా రెండు నిలువులు లేస్తాయా? ఎవరికి చెబుతావయ్యా! అసలు తూము ఎక్కడుందో చూపించు."

"అది ఆకుగోడల మధ్యలో ఉందండీ. టైమైపోయింది, గేటు మూసేస్తారు."

ప్రకాశరావు ఎక్కడ ఆగినా పేర్లు చదువుతాడు. ఆరోజూ సరిగ్గా ఆ ఆకుగోడల పక్కనే నిలబడి ముప్పైమంది పేర్లూ గట్టిగా పిలిచాడు. "శోభనాద్రిగారూ!" అని రెండుసార్లు పిలవాల్సొచ్చింది. ఆయన కాలవలోకి వంగి చూస్తున్నారు మరి.

బయట, బస్సు పక్కన, వంటవాడు పప్పూ దొండకాయ వేపుడూ వేడిచేస్తున్నాడు. శోభనాద్రిగారికి చక్కెర జబ్బు. బస్సెక్కి పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకున్నారు. సూది పడ్డ అరగంటలో అన్నం పడాలి. పడకపోతే ఒళ్ళు చెమటలు పట్టి, మాట ముద్దైపోయి, మనిషి పడిపోతాడు. ఒకసారి బందరు ఆస్పత్రిలో రెండు రోజులు తెలివి లేకుండా ఉన్నారు. ఈసారి పడిపోతే కష్టమని డాక్టరు చెప్పేశాడు.

"చెయ్యి కడుక్కొస్తా," అని వెళ్ళారు.

పళ్ళెం పెట్టారు. ఆయన రాలేదు. పప్పు చల్లారింది. అయినా రాలేదు.

తూము చూడ్డానికే వెళ్ళుంటారని అనసూయమ్మకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ముప్పైనాలుగేళ్ళ కాపురం. చేతిసంచీ పట్టుకుని తోటవైపు పరుగెత్తింది. కాపలావాడు గేటు ఒక రెక్క మూసి రెండోది లాగుతున్నాడు. సందులోంచి దూరింది. వాడేదో అరిచాడు. ఆ భాష ఈవిడకి తెలియదు. ఆవిడ వెనక తలుపు… ధడాలున పడింది.

ఆకుగోడల్లోకి అడుగుపెట్టేసరికి వెలుతురు పల్చబడింది. పైన సన్నటి ఆకాశం, రెండు పక్కలా నల్లటి ఆకు. నాలుగడుగులేస్తే మలుపు. ఇంకో నాలుగడుగులకి గోడ. వెనక్కి తిరిగితే… వచ్చిన దారి అదో, ఇదో తెలియలేదు.

"ఏమండీ…"

గోడలకవతల ఎక్కడో, సన్నగా — "ఏమండీ…"

ప్రతిధ్వని అనుకుంది.

ఇంకో మలుపు. ఇంకో గోడ. చీర కొంగు కొమ్మకి తగులుకుంటే ఎవరో పట్టుకున్నట్టయింది. లాక్కుంది. ఎంత నడిచినా గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది. గాలి ఆడటం లేదు.

"ఏమండీ! ఎక్కడున్నారు?"

"ఏమండీ…" అని వచ్చింది. ఈసారి కాస్త ఆలస్యంగా, ఎవరో నేర్చుకుంటున్నట్టుగా.

అనసూయమ్మ నిలబడిపోయింది. నోరు తెరవలేదు.

"ఏమండీ."

తను పిలవకుండానే వచ్చింది ఆ మాట.

కూలబడితే అంతే. సూది పడి అరగంట దాటిపోయుంటుంది. ఆయన ఎక్కడో పడి ఉంటారు. అప్పుడు గమనించింది — కాలి పక్కన, రాతిలో తొలిచిన జానెడు వెడల్పు కాలవ, నీళ్ళ చప్పుడు. ఆయన ఎటు వెళ్ళుంటారో ఆ నీళ్ళకి తెలుసు. కాలవకి ఎదురు నడిస్తే తూము దగ్గర తేలాలి. చెప్పులు విడిచేసి కాలవలోకి దిగింది. చీకట్లో కంటితో పనేముంది? పాదాలకి నీళ్ళు ఎటునుంచి కొడితే అటు నడిచింది.

ఏడెనిమిది మలుపులు తిరిగాక గోడలు విడిపోయాయి. గుండ్రటి జాగా. నడుమ రాతి తొట్టి. తొట్టి గట్టుమీద శోభనాద్రిగారు — చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, తల వాల్చేసి.

సంచీలోంచి బందరు లడ్డూ తీసి, చిదిపి, దోసిట్లో నీళ్ళతో కలిపి, పలుచగా ఆయన పెదాల మధ్య పెట్టింది. మొదట మింగలేదు. గొంతు నిమిరింది. మింగారు. ఇంకొంచెం పెట్టింది. కాసేపటికి కళ్ళు తెరిచారు.

"ఇంత లోపలికి ఎందుకొచ్చారు మీరు?"

"నువ్వు పిలిచావుగా," అన్నారాయన ముద్ద ముద్దగా.

"నేనా?"

"శోభనాద్రిగారూ… అని పేరు పెట్టి. నీకిదేం సరదా అనుకున్నా. నవ్వొచ్చింది. మలుపు తిరిగితే అవతల మలుపు నుంచి పిలుస్తావు. వస్తున్నా వస్తున్నా అంటూ…"

"నేను కాదు. పేరు పెట్టి నేనెప్పుడు పిలిచాను మిమ్మల్ని?" అంది అనసూయమ్మ. రెక్క పట్టుకుని లేపింది. "పదండి. కాలవ వెంబడే కిందికి."

పూర్తి చీకటి. ఒకరి మొహం ఒకరికి కనబడటం లేదు. ముందు ఆవిడ, వెనక ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన. నాలుగు మలుపులు తిరిగారు.

వెనకనుంచి, తొట్టివైపు నుంచి — "ఏమండీ…"

ఆయన ఆగిపోయారు.

"ఏమండీ… ఇటు…"

ఎంత మెత్తగా ఉందనీ ఆ గొంతు! అచ్చంగా అనసూయమ్మదే. ఆయన అటు తిరిగారు.

ఆవిడకి ప్రాణం పోయినట్టయింది. ఆ మాట తనిప్పుడు అంటే ఏది ఎవరిదో ఆయనకెలా తెలుస్తుంది? భయంతో ముప్పైనాలుగేళ్ళలో ఎన్నడూ అననిది అనేసింది.

"శోభనాద్రిగారూ!"

ఆయన చెయ్యి విదిలించుకోబోయారు.

"నువ్వెవరు?" గొంతు పీలగా వచ్చింది. "మా ఆవిడ అక్కడుంది. నన్నొదులు…"

"ఏమండీ…" అంది అది, ఇంకాస్త దగ్గర్నుంచి.

ఆయన వేళ్ళు జారిపోతున్నాయి. ఒక్క వేలు మిగిలింది. అప్పుడు అనసూయమ్మకి భయం పోయి కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరా? సూది పొడుచుకుని అన్నం మానేసి తూములెంట తిరిగే మొగుణ్ణి కట్టుకున్న దౌర్భాగ్యురాలిని! పెళ్ళైన మర్నాడు నన్ను మా పుట్టింటి గుమ్మంలో నిలబెట్టి పమిడిముక్కల కాలవకి గండి పడిందని పోలేదూ మీరు? సాయంత్రందాకా రాలేదు. వచ్చినవాళ్ళు పెళ్ళికొడుకేడమ్మా అని నవ్వారు. అక్కడ ఏ నీళ్ళు దొరికాయో ఇక్కడా అవే దొరికాయా? కదలండి! చంపి పాతరేస్తా లేకపోతే!"

జారుతున్న వేలు ఆగింది.

"అనసూయా…" అన్నారాయన చిన్నగా. "గండి పూడ్చింది నేను కాక ఇంకెవరు?"

"ఆ సంగతి బస్సెక్కాక చెప్పండి."

ఆ తిట్లు బయటిదాకా ఆపలేదు. ఆపితే వెనకది వినబడుతుందని. తిడుతూనే నడిచింది, తిడుతూనే లాగింది. నీళ్ళు పెద్ద కాలవలో కలిసేచోట గోడలు అయిపోయాయి. గేటు దగ్గర ప్రకాశరావు, కాపలావాడు లైట్లు వేసుకుని నిలబడి ఉన్నారు.

పెద్ద గేటు మూసి తాళం వేస్తుంటే లోపల్నుంచి ఒక ఆడగొంతు ఏడుపు సన్నగా వినిపించింది. కాపలావాడు తల ఎత్తలేదు. శిలువ గుర్తు వేసుకుని తాళంచెవి తిప్పాడు.

చల్లపల్లి వచ్చేశారు. ఇప్పుడు అనసూయమ్మ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుంది. "శోభనాద్రిగారూ, భోజనానికి రండి," అని వీధి గుమ్మంలోంచి కేకేస్తుంటే పక్కింటివాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఇటలీ వెళ్ళొచ్చిన దర్జా అంటారు. ఆవిడ పట్టించుకోదు.

"ఏమండీ" అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ వినిపిస్తుంది. పొద్దు వాలాక, పెరట్లో బోరింగు పక్కనుంచి.

శోభనాద్రిగారు కుర్చీలోంచి లేవరు. ముందు తల తిప్పి, పక్కన కూర్చున్న అనసూయమ్మ పెదాల వంక చూస్తారు.