చంకలో గుండె

“పెళ్లాం లేదు, పిల్లల్లేరు, పోతే ఏడ్చేవాళ్లూ లేరు. అందుకే ఈ కేసు నీకు,” అన్నాడు చీఫ్.

ఏజెంటు నవ్వలేదు. ఎక్కువ మాట్లాడడు కాబట్టి డిపార్ట్‌మెంటులో అతని పేరు గోడ.

పొద్దున ల్యాబులో దొంగతనం జరిగింది. ఒక బస్సు డ్రైవరు కోసం అతని మూలకణాలతోనే పెంచిన గుండె కండ, బొటనవేలంత ముక్క, డబ్బీతో సహా పోయింది. విదేశీ ముఠా పని. సాయంత్రంలోగా అది అతికించకపోతే డ్రైవరు బతకడు.

“సరిహద్దు రైల్లో పోతుందని కబురు. కోడ్ మాట, ‘వానొచ్చేలా ఉంది’. స్టేషన్లో ఐసు పెట్టెలన్నీ వెతికిస్తున్నా. ఇప్పటిదాకా చేపలు దొరికాయి.”

“ఐసులో పెడితే చచ్చిపోతుందండీ,” అంది ల్యాబు డాక్టరమ్మ. “అది కొట్టుకుంటున్న కండ. గుడ్డు పొదిగినట్టు ఒంటి వేడిలో ఉంచాలి.”

గోడ టీసీ వేషంలో రైలెక్కాడు. వాచీలోని హీట్ సెన్సరు ప్రతి మనిషినీ చూపించి మోగింది. దాన్ని ఆపేశాడు.

కిటికీ పక్కన మైనా కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంటులోకెల్లా అందగత్తె, ల్యాబు కాపలా ఆమెదే. ఒకప్పుడు ఓ మిషన్లో ఇద్దరూ మొగుడూ పెళ్లాలుగా నటించారు. గోడ చేసిన కాపురం అదొక్కటే.

టిక్కెట్టు అడిగితే ఆమె బ్యాగు జిప్పు పళ్లతో లాగింది. ఎడమ చెయ్యి డొక్కకు అతుక్కునే ఉంది.

“వానొచ్చేలా ఉంది,” అన్నాడు గోడ.

“గొడుగు తెచ్చాను,” అని తలెత్తి, నాలిక కరుచుకుంది. “నువ్వా. మీసం ఊడుతోంది, చూసుకో.”

“దిగు.”

“దిగను. అరిచానంటే నలుగురూ నిన్నే తంతారు.”

నిజమే. రైలు కూత వేసింది. గోడ వంగి ఆమెను కౌగిలించుకున్నాడు.

మైనా అరవలేదు. కుడి చెయ్యి అతని వీపు మీదకు వచ్చింది. కాసేపటికి ఎడమ చెయ్యి కూడా లేచింది.

డబ్బీ అతని చేతిలో పడింది. కదులుతున్న రైల్లోంచి దూకేశాడు. పై స్టేషన్లో ఆమెను పోలీసులు దింపారు.

టాక్సీలో డబ్బీని చంకలో పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ ఆస్పత్రికి చేరాడు. డ్రైవరు పెళ్లాం, బావమరుదులు, వదినలతో వరండాలో నిలబడే చోటు లేదు. చీకటి పడేలోపే డాక్టరమ్మ వచ్చి బతికాడని చెప్పింది. వాళ్లంతా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. గోడ మెట్లు దిగాడు.

మర్నాడు చీఫ్ రిపోర్టు చదివి ముఖం చిట్లించాడు. “కౌగిలింత ఏమిటయ్యా? తనిఖీ అని మార్చు.”

గోడ మార్చనన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో అతను ఆర్డరు కాదన్నది అదొక్కసారే.